మూడో తూటా

మొదటిది వెళ్తుంది. రెండోది వెళ్తుంది.
మూడోది మాత్రం
సగం తెరిచిన తలుపులో కాలు పెట్టిన చుట్టంలా
లోపలికీ పోదు, బయటికీ రాదు.

నా దుకాణం బోర్డు మీద ఇంకా
'కుట్టు మిషన్లు బాగుచేయబడును' అనే ఉంది.
నెబ్రాస్కాలో ఇప్పుడెవరు కుట్టుకుంటున్నారు గనక!
ఈ క్రీట్ ఊళ్ళో సగం మంది జింకల్ని వేటాడతారు,
మిగతా సగం ఫ్యాక్టరీలో పందుల్ని కోస్తారు.
సూది మొండికేసినా, తుపాకీ మొండికేసినా
వ్లాస్టా కొవారిక్ బల్ల దగ్గరికే రావాలి.

అన్సెల్మో అట్టపెట్టె తెచ్చి ఆ బల్ల మీదే పెట్టాడు.
రెండు వరసల మేగజైన్, పదిహేడు తూటాలు,
సముద్రం అవతల ఎక్కడో పోతపోసిన చవక పిస్టల్.
దానికి బంగారు రంగు బ్యారెల్,
ఎర్ర చుక్క చూపించే అద్దం,
పిడి కింద ఇత్తడి గరాటు,
ముట్టుకుంటే జారిపోయేంత మెత్తని స్ప్రింగులు.
చారానా కోడికి బారానా మసాలా.

"ఇంకేం మార్చమంటారు?" అన్నాడు.
"మార్చినవి మార్చాలి," అన్నాను.

రాత్రి దీపం కిందికి వంచి ఒక్కొక్కటీ విప్పాను.
మందు లేని ఉత్తుత్తి తూటాలు నింపి
చేత్తోనే లాగి, వదిలి, లాగి, వదిలి...
ఖాళీ గొట్టాన్ని పట్టి ఈడ్చే కొక్కెం ఒకటుంటుంది,
దాని బిగువు పై దారం బిగువు లాంటిది:
ఎక్కువైతే తెంపుతుంది, తక్కువైతే జారవిడుస్తుంది.
అది బాగానే ఉంది. బ్యారెల్ బాగుంది. గరాటుదేం తప్పు లేదు.
మూడు మేగజైన్లకీ గోళ్ళ రంగుతో అంకెలు వేశాను.
ఒకటి నడిచింది. మూడు నడిచింది.
రెండో దాని పెదవి
ఎప్పుడో సిమెంటు నేల మీద పడి
వెంట్రుకవాసి విచ్చుకుంది.
అంతే.
ఆరువందల డాలర్ల సామాను
వెంట్రుకవాసి చుట్టూ ప్రదక్షిణ చేసింది.

ట్రిగ్గర్ సంగతి అలా కాదు.
మీద ఊపిరి తగిలితే సుత్తి పడిపోతోంది.
"ఇలా అయితే తిరిగి ఇవ్వను," అన్నాను పొద్దున్నే,
"ఎవడి పాదంలోనో దిగుతుంది."
కుర్రాళ్ళ షోకు మీద ఒక ఉపన్యాసం కూడా
సిద్ధంగా ఉంచుకున్నాను.

అతను మాట్లాడలేదు. చెయ్యి చాపాడు.
చూపుడు వేలు సగం వంగి ఆగిపోయింది,
తుప్పు పట్టిన మడతబందులా.
గ్వాటెమాల నుంచి వచ్చిన పదకొండేళ్ళూ
ఒకటే కత్తి, ఒకటే కోత,
చలిగదిలో షిఫ్టుకి రెండు వేల భుజాలు.
"గట్టిగా నొక్కలేను," అన్నాడు.
"శనివారం పూట కాస్త గురి చూసుకోవాలనుంటుంది.
వారమంతా చూడకుండానే కోస్తాను కదా."

ఉపన్యాసాన్ని స్క్రూల డబ్బాలో పడేసి మూత పెట్టాను.

పాత స్ప్రింగే వేశాను. బరువు తగ్గించలేదు.
ట్రిగ్గర్ పలకని ఆకురాయితో అరగదీసి, పొట్టిది చేసి,
అతని వేలు ఎక్కడ ఆగుతుందో
అక్కడికి దాన్ని తీసుకొచ్చాను.
నాలుగుసార్లు పిలిపించి కొలిచాను,
పెళ్ళికూతురి గౌను కొలిచినట్టు.

శనివారం, కంకర గుంటలో,
వరసగా ఇనప పళ్ళేలు, చలిగాలి,
చేతిలో గడియారం పట్టుకున్న లావుపాటి పెద్దమనిషి.
మొదటిది మోగింది. రెండోది మోగింది.
నేను ఊపిరి బిగబట్టాను.
మూడోది టంగుమంది.

తొమ్మిదోది ఇరుక్కుంది.

అతను తిట్టుకోలేదు. ఎడమ చేత్తో పిడి అడుగున ఒక్కటి కొట్టి,
లాగి, దులిపి, మళ్ళీ గురి చూశాడు.
ఆఖరి నుంచి రెండో స్థానం.
అయినా నవ్వుతూనే నా వైపు నడిచొచ్చాడు.

తప్పు నాదా, మేగజైన్‌దా, ఇంకా తెలీదు.
సోమవారం తెమ్మన్నాను.