రెండు లైన్లకు మించకుండా

ప్రొబేషన్ ఫారంలో ఎనిమిదో గడి:
నేరానికి దారితీసిన సామాజిక పరిస్థితులు.
కింద చిన్న అక్షరాల్లో, రెండు లైన్లకు మించకుండా.

ఏర్పేడు దాటి, రైలుకట్ట దిగి,
స్వర్ణముఖి ఇసకలో స్కూటీ తోసుకుంటూ పోయాను.
పదకొండు గుడిసెలు. కరెంటు స్తంభం ఉంది, తీగ లేదు.
చెంబేటి అంకయ్య, ఇరవై రెండేళ్ళు, యానాది.
చెల్లెలి మొగుణ్ణి గడ్డపారతో కొట్టాడు.
ఆ మధ్యాహ్నమే ఇద్దరూ కలిసి ఒకే బొరియ తవ్వి
ఎలకల్ని పట్టారట.

"యాడ మొదులుబెట్టేదమ్మా?" అంది తల్లి పోలమ్మ.
"వాళ్ళ ముత్తాత దినామూ రాత్రి స్టేషను అరుగు మింద పండుకోవాల,
పేరు పిలిస్తే పలకాల.
ఆ చట్టం పొయ్యిందన్న్యారు గానీ
ఊర్లో మోటారు పోతే జీపు ఈడికే వస్తాది.
నాయన్ని తీసకపోతా వీణ్ణి గూడా ఎక్కించుకున్న్యారు, తొమ్మిదేండ్లోణ్ణి.
మూడు దినాలకి వొచ్చినాడు.
అప్పుట్నించి వాకిట్లో ఎవురన్నా గెట్టిగా మాట్లాడితే
వాడి చెయ్యి ముందు లేస్తాది."

బడి ఆరు నెలలు.
వాసనొస్తోందని వెనక కూర్చోబెట్టారు,
వెనకంటే వరండాలో.
తర్వాత బాతుల ఆసామి దగ్గర ఎనిమిది వేలు అడ్వాన్సు.
ఆ ఎనిమిది వేలు నాలుగేళ్ళు బాతుల వెంట నడిచి
సూళ్ళూరుపేట దాకా పోయి
తిరిగొచ్చేసరికి పదకొండు వేలయింది.
కూలికి బదులు పొద్దుగూకితే సారా ప్యాకెట్టు.
అలవాట్ల గడిలో పోలీసులు ముందే రాశారు: తాగుతాడు.
పోసిందెవరని అడిగే గడి లేదు.

ఆ ఆసామి మీద ఎన్నడూ ఆ చెయ్యి లేవలేదు.
జీపు మీదా లేవలేదు.
ఇది రాస్తే వకీలు మాటలా ఉంటుంది. కొట్టేశాను.

రుయా ఆసుపత్రిలో మానయ్య ఉన్నాడు, ఎడమ కన్ను పోయింది.
అతనూ ఆ వరండాలో కూర్చున్నవాడే,
ఆ బాతుల వెనక నడిచినవాడే.
అతను ఎవర్నీ కొట్టలేదు.
అతని కోసం నాకు ఫారం ఇవ్వలేదు.
అంకయ్య చెల్లెలు
పొద్దున సబ్ జైలుకీ సాయంత్రం రుయాకీ
ఒకటే క్యారియర్ కడిగి మోస్తోంది.

కాగితాలు మడిచి సంచిలో పెడుతుంటే
పోలమ్మ ఎడమ బొటనవేలు చాపింది.
అక్కర్లేదమ్మా అన్నాను.
నేనసలు ఇంకు డబ్బీ తియ్యలేదు.
వేలు మాత్రం కాసేపు అట్లాగే ఉంది.