సోకిన దారి

సోహార్‌ల ఆదివారం పొద్దుగాల
చేపల మార్కెట్ల మంచుగడ్డలు పలగ్గొట్టే సప్పుడు
మా ఆఫీసు కిటికీ దాక వస్తది.
నేను రిజిస్టర్ తెరుస్త.

షినాస్, లివా, సోహార్, సహమ్, ఖాబూరా.
ఒక్కో విలాయత్‌కు ఒక్కో వరుస.
ఈ వారం ఎంతమందికి హెపటైటిస్ సి తేలింది,
వయసెంత, పనేంది, ఏ దేశపోడు.
పేర్లు రాయం. నంబర్లే.
ఆఖరి గడి మీద అరబ్బీల ఏదో ఉంటది,
నా లోపల నేను దాన్ని తెలుగు చేసుకున్న:
సోకిన దారి.

పదింట ఎనిమిదిసార్లు ఆ గడిల
‘తెల్వదు’ అని పడ్తది.

డాక్టర్ షంసాకు ఆ మాటంటే మంట.
"తెల్వదంటే మనం అడగలేదని" అంటది.
అందుకే నన్ను ఫోన్ మీద కూసోవెట్టింది.
తెలుగొచ్చు, హిందీ వచ్చు,
అరబ్బీ బేరమాడేంత వచ్చు.

నూట పద్నాలుగో నంబరు.
లివా దిక్కు, అల్యూమినియం కంపెనీల
పరంజ కట్టే పని. నలభై మూడేండ్లు.
ఫోనెత్తి "ఎవలు?" అన్నడు.
ఆ ఒక్క ముక్కతోనే జిల్లా తెలిసిపాయె.

రక్తమెక్కిచ్చిన్రా ఎప్పుడన్న? లేదు.
పచ్చబొట్టు? అవ్వ పేరు, జాతరల.
గడ్డం ఎక్కడ గీయించుకుంటవు?
క్యాంపుల మలయాళీ ఉన్నడు, కొత్త బ్లేడే పెడ్తడు.
సూదులు?

నవ్విండు.
"లెక్కుంటదా తమ్మీ!
జరమొస్తే సూది, నడుము గుంజితే సూది,
సూది ఎయ్యనోడు డాక్టరే కాదంటిమి.
గంగమోహన్ సార్ అని ఉండె మా తాన,
సైకిల్ మీదొచ్చేది..."

నాకు ఎరుకే ఆ సైకిల్.
ఎనుక రబ్బరుతోని కట్టిన తోలుసంచి,
సంచిల గాజు సిరంజి, సొట్టల సత్తుగిన్నె.
రెండూర్లకు ఒకటే బడి మాది.
మలేరియా జరాలొచ్చిన యేడు
బడి అరుగు మీద మమ్ముల వరుసగ నిలబెట్టిండు.
నీళ్లు ఒక్కపారే మసిలినయి.
మంచోడే. పైసల్లేకుంటే మక్కలు తీసుకునేది,
మక్కలు గూడ లేకుంటే మళ్ల ఇయ్యిమనేది.
ఆయన చేతుల సచ్చినోడు లేడని పేరు.

నేను ఆనాడు బాగ ఏడ్సిన.
ఏడ్సినందుకే ముందట పిలిచిండు,
"వీనిది ఒక్కటి అయిపోగొడ్త" అని.
అప్పుడే నీళ్లల్లకెళ్లి తీసిన సూది,
ఇంక కాలుతాంది.

రెండేండ్లకోసారి వీసా కోసం నా రక్తం తీస్తరు,
ఏం లేదంటరు.
నసీబనుకున్న, మా అమ్మ మొక్కిన మొక్కనుకున్న.
వరుసల ఎక్కడ నిలబడ్డనో ఎన్నడూ యాది చేసుకోలే.

"నేనైతే ఏడ్వలే," అంటున్నడు ఫోన్ల.
"ఆఖర్ల నిలబడ్డ. ధైర్యంగున్ననని
సార్ బెల్లంముక్క పెట్టిండు."

పోయిన మూడు నెలల మా గీత కిందికి దిగింది.
మీటింగుల సప్పట్లు కొట్టిన్రు.
డాక్టర్ షంసా కొట్టలే.
"ఇండ్ల ఎంతమందికి తగ్గింది,
ఎంతమంది విమానమెక్కిన్రు?" అని అడిగింది.
గీతకు ఏం తెలుస్తది?

"మందున్నదా తమ్మీ దీనికి?"
ఉన్నది. పన్నెండు వారాలు. రోజుకో గోళి. పోతది.
"ఈడ్నా, ఇంటికి పోయినంకనా?"

నా ఫారంల ఆ గడి లేదు.
మా మ్యాపు గూడ షినాస్ దాక్కనే,
అవతల అంత తెలుపే.
ఆ తెలుపుల యాడనో బడి అరుగు,
అరుగు మీద మేము.

కొట్టేసిన ‘తెల్వదు’ పక్కన ‘సూది’ అని రాసిన.
ఫారంల లేని ప్రశ్న ఒకటి అడిగిన:
ఆనాడు నీ ముందట ఎవలెవలుండిరి?

చాలసేపు ఆలోచించి ఒక్కొక్కల్ని చెప్పిండు.
చేపలు కొన్న రసీదు ఎనుక రాసుకున్న.
దుబ్బరాజం. కుమ్మరోళ్ల లస్మి.
నడిపి ముత్తెన్న, వాడిప్పుడు లేడు, కడుపు ఉబ్బి పోయిండు.
నీలవ్వ, బొంబాయిల ఉన్నది.

"అందరి కంటె ముందట
ఒక ఏడుపుగొట్టు పోరడుండె," అన్నడు.
"వాని పేరే యాదికొస్తలేదు."

నేను చెప్పలే.