తడిస్తే ఎంత బరువు

మలక్‌పేటలో, బ్యాటరీల దుకాణం పైన,
రెండో అంతస్తులో నా గది.
మాట తడబడే పిల్లలొస్తారు.
నున్నటి టైల్సు, నాలుగు ఉత్త గోడలు.
కిరీటి తన పేరు చెప్పబోతే
కి- కి- అని ఆగుతుంది గొంతు.
కి- కి- అని గోడా అంటుంది.
ఏడేళ్ల పిల్లాడు గోడకేసి చూస్తాడు
ఎవరో వెక్కిరించినట్టు.

అందుకే తివాచీ.
అందం కోసం కాదని
ఇంట్లో మూడుసార్లు చెప్పాల్సొచ్చింది.

ఆషాఢం. పత్థర్‌గట్టీ కమాన్ల కింద
వాన తగ్గేదాకా నిలబడి
ఇనాయత్ సాబ్ దుకాణం మెట్లెక్కాం,
నేనూ, గది ఊడ్చే బాలమణీ.
మోయడానికి ఇంకో చెయ్యి ఉంటుందని
ఆమెను వెంట తెచ్చాను.
అంతకు మించి ఆలోచించలేదు.

ఆయన విప్పడం మొదలుపెట్టాడు.
ఒక్కో చుట్టా దొర్లుకుంటూ వచ్చి
మా కాళ్ల ముందు తోటై పరుచుకునేది.
కాశ్మీరుది. ధర విన్నాక
వట్టి కాళ్లతో కూడా తొక్కబుద్ధి కాలేదు.
భదోహీది. ఏలూరు ఉన్నిది, పాతది,
మడతల్లో ఎండిన వేపాకులు ఇంకా ఉన్నాయి.
పానీపట్టు మిషన్‌ది, మెత్తగా, మెరుస్తూ,
చెయ్యి పెడితే చిటపటమని
ముంజేతి వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

"రంగు చూడకండమ్మా, రంగు అందరూ చూస్తారు.
తిప్పి చూడండి.
ముందు వైపు అమ్మేవాడిది,
వెనక వైపు నేసినవాడిది."
తడి రుమాలుతో ఒక ఎర్రంచు రుద్దాడు.
రుమాలు గులాబీ అయింది.
తన సరుకే అయినా సిగ్గుపడకుండా
పక్కకు తోసేశాడు. "ఇది మీకొద్దు."

నేను చప్పట్లు కొట్టి చూశాను.
దుకాణం నిండా ఉన్నీ నూలూ,
చప్పుడు ఎక్కడ లేస్తుంది?
ఖవ్వాలీ మొదలవుతుందనుకున్నారేమో
పనికుర్రాళ్లు నవ్వారు.

నీలం మీద దానిమ్మ మొగ్గలు,
బొటనవేలు మునిగేంత దట్టం.
మనసు దాని మీద పడింది.
గోడ నోరు మూయించాలంటే
ఈ మాత్రం మందం ఉండాలి కదా!
చెయ్యి పర్సు జిప్పు దాకా వెళ్లింది.

అప్పటిదాకా గుమ్మం పక్కన
కొంగు పిండుకుంటున్న బాలమణి
వచ్చి, అంచు పట్టి ఎత్తి, అడిగింది:
"ఇది తడిస్తే ఎంత బరువైతది?"

ఇనాయత్ సాబ్ చేతిలో టేపు ఆగిపోయింది.
కొనేవాళ్లెవరూ ఇది అడగరన్నాడు తర్వాత,
చాయ్ పోయిస్తూ, ముందు ఆమెకు.

"పోరగాండ్లు మేడం. పాలు ఒలకపోస్తరు.
పోయినవారం ఆ చిన్నది చాపల్నే పోసింది,
మీకు చెప్పలే, కడిగి ఆరేసిన.
దీన్నెట్ల మోస్త డాబా మీదికి?
ఎండేడుంది ఈ నెల్ల?"
మణికట్టు చూపించింది. వాపు.
రోజూ నాకు తలుపు తీసే చెయ్యే.
గొంతు ఎక్కడ పట్టేసిందో
నోరు తెరవకముందే కనిపెడతానని నాకు పేరు.
ఇది చూడలేదు.

లోపలి అరలోంచి వరంగల్ జంపఖానా తీశాడు.
నూలుది. నీలం చారలు.
తిప్పితే అటూ అదే, ఇటూ అదే.
"దీనికి వీపు లేదు," అన్నాడు,
తన మాటకు తనే అడ్డం పడుతూ.
పలచన కదా అంటే కాసేపు గడ్డం గోక్కుని
"రెండు తీసుకోండి. ఒకటి నేలకు,
ఒకటి ఆ వెక్కిరించే గోడకు."

బేరం బాలమణే చేసింది.
నాకైతే అంత ధైర్యం లేదు.

ఆటోలో పట్టక సగం బయటే.
మళ్లీ వాన. తడిస్తే ఎంత బరువో
చాదర్‌ఘాట్ వంతెన మీదే తెలిసిపోయింది.
ఇద్దరం మోశాం మెట్ల మీదుగా,
ఎడమ వైపు నేను, ఆమె వాపు చేతి వైపు.
ఆరడానికి నాలుగు రోజులు పట్టింది.

సోమవారం కిరీటి వచ్చాడు.
నేల జంపఖానా మీద కూర్చుని
బొటనవేలితో ఒక చార వెంట నడిచాడు.
"కి-" అన్నాడు.
గోడ వైపు చూశాడు.
గోడ ఏమీ అనలేదు.
మళ్లీ "కి-" అన్నాడు, గట్టిగా.
ఈసారి ఆగిపోయి కాదు,
గోడను పరీక్షించడానికి.