తేమ శాతం

ఎనుమాముల మార్కెట్ల
రెండు ముండ్ల మిషిని పట్టుకొని తిరుగుత నేను.
పత్తి కుప్పల ముండ్లు గుచ్చుత,
అద్దంల అంకె చూస్త, గట్టిగ చెప్పుత.
ఎనిమిదైతే కొంటరు. పన్నెండు దాంక కొంటరు, కోత పెట్టి.
పన్నెండు దాటితే
నా నోట్లెంచి వచ్చే అంకె
ఒక ట్రాక్టరును వెనుకకు తిప్పుతది.

ఈ కొలువుకు నన్నెందుకు తీసుకున్నరో తెల్వది గని
పొడితనం సంగతి నాకు తెలిసినంత
ఈ యార్డుల ఎవనికీ తెల్వది.

ఏడేండ్లు ఎడారిల గొర్లు కాసిన.
హాయిల్ అవుతల,
రోడ్డు ఆగిపోయినంక ఇంకా ఆరు గంటలు.
పిండిన అంగీ దులుపుతుంటెనే ఎండేది,
రెండోసారి దులిపితే ఇసుక రాలేది.
చెమట పోసుడు సుత తెలిసేది కాదు,
పొద్దుమీకి బనీను మీద ఉప్పు గీతలు చూసుకొని
ఓహో, ఇయ్యాల కష్టపడ్డ అనుకునేది.
తుమ్మితే నెత్తురు.
రొట్టె చేతిల పట్టుకొని మాటల వడితే
అది అప్పడమయ్యేది.
యాదికొచ్చి ఏడుద్దామంటే
కండ్ల కొసకు రాకముందే గాలి తాగిపోయేది.
గాలికి అంత దూప అక్కడ.

ఒక మిరుగంల ఇంటికి ఫోన్ చేసిన.
వాన పడుతున్నది, అన్నది మా సారవ్వ.
మాట్లాడకు, అన్న.
ఫోను రేకుల కింద పెట్టు.
పెట్టింది.
పది రియాళ్ల కార్డు అయిపోయేదాంక విన్న.
గొర్లు సుత నా సుట్టు వచ్చి నిలబడ్డయి,
వాటికేమి వినబడ్డదో.

ఈసారి కార్తీకంల ముసురు వట్టింది.
పగిలిన కాయ పగిలినట్టే నానింది.
రేగొండ దిక్కుకెళ్లి వచ్చిన ఐలవ్వ
మూడు పగళ్లు ఆరబోసి, మూడు రాత్రులు పరదా కప్పి,
ట్రాలీ కిరాయి నాలుగు వేలకు మాట్లాడి తెచ్చింది.
ముల్లు గుచ్చిన.
పదిహేడు.
ఇంకోతాన గుచ్చు బిడ్డా, అన్నది.
గుచ్చిన. పదహారున్నర.
కింద గుచ్చు.
కింద ఇరవై. చెప్పలే నేను.

ఆమె పిడికెడు పత్తి తీసి
నోటి దగ్గర పెట్టుకొని ఊదుడు వెట్టింది
పిలగానికి పాలు చల్లార్చినట్టు.
ఊదకు అవ్వా, ఊపిరిల సుత తడి ఉంటది, అన్న.
ఆమె ఆగింది. నా మొకం చూసింది.
అట్లనా, అన్నది.
గింత తడి ఇంకా ఉన్నదా నా లోపట?

ఉన్నది. నాకు ఎరుకే.
అక్కడ నడిరాత్రి
అరచెయ్యి నోటికి అడ్డం పెట్టి
హా అని ఊది
చెంపకు ఆనిచ్చుకునేటోన్ని.
ఆమడ ఆమడ దూరంల అదొక్కటే తడి.

ఆ గాలి ఒక్క పూట ఇక్కడికి వస్తే బాగుండు.
బావులల్ల తొంగి చూడకుండ,
పసిపిల్లల పెదవులు ముట్టకుండ,
ఈ షెడ్ల కిందికెళ్లి ఒక్క చుట్టు తిరిగి పోతే.
గని ఒక్క పూటకు పిలిస్తే వచ్చే జాతి కాదు అది.
వచ్చిందంటే
ఇల్లు కట్టుకుంటది.

రాత్రి లారీలు పోయినయి.
ఎవరూ కొనని పత్తి
యార్డు నిండ తెల్లగ, దిబ్బలు దిబ్బలు.
దూరంకెళ్లి అచ్చం అక్కడి లెక్కనే.
గొర్లెక్కడ అని ఒక్క గడియ ఎతికిన.

కుప్ప పక్కన ఐలవ్వ కొంగు కప్పుకొని పండుకున్నది.
మోచెయ్యి దాంక పత్తిల చెయ్యి పెట్టిన.
ఇసుకల అయితే ఎంత లోతుకు పోయినా పొడే.
ఇక్కడ లోపట వెచ్చగున్నది, సెమ్మగున్నది,
ఎవరో ఏడ్చి మడతపెట్టిన తువ్వాల లెక్క.

మిషిని బంద్ చేసిన.
అద్దంల అంకె ఆరిపోయింది.
ముండ్లు అంగీకి తుడిసే ముందు
ఎవరు చూస్తలేరని చూసుకొని
ఒకదాన్ని నాలుక మీద పెట్టుకున్న.