డులూత్, మూడో కౌంటర్

సెయింట్ లూయిస్‌లో కాలిపోయిన కాగితాల్లో
ఓర్విల్ లిండ్‌క్విస్ట్ గాయం కూడా ఉందట.
మిగిలిన రికార్డు ప్రకారం ఆయన కొరియా వెళ్ళాడు,
చెక్కుచెదరకుండా తిరిగొచ్చాడు.

సాక్ష్యానికి ఎక్స్‌రే తెచ్చాడు.
కిటికీకేసి ఎత్తిపట్టి చూశాను:
కుడి భుజంలో తెల్లగా బియ్యపుగింజంత ఇనుము,
వెనకాల గడ్డకట్టిన సరస్సు.

జరిగింది పొరపాటా, అన్యాయమా?
ఫారంలో రెండే గళ్ళు.
టిక్కు పెట్టండి అన్నాను.
పతకం కోసం డెబ్భై ఏళ్ళు ఆగినవాడు
ఆ గళ్ళ దగ్గర ఇంకాసేపు ఆగాడు.
వెనక క్యూ దగ్గింది.

"పొరపాటుకే పెట్టమ్మా.
రెండోది నన్ను మోసుకొచ్చిన హాలిస్‌ది.
వాడి ఫైలు కాలలేదు.
అన్నీ సరిగ్గానే ఉన్నాయందులో,
తేదీతో సహా."

పెన్ను తిరిగిస్తూ
ఎడంచెయ్యే చాచాడు.