రాయని పద్దు

రేపు పది గంటలకి చార్జి అప్పగించాలి.
ముప్పై ఒక్క ఏళ్ల నా చేతిరాత
నాలుగు ఖాతా పుస్తకాలై బల్ల మీద పడుకుంది.
టార్చిలైటు పట్టుకుని స్టేషను వెనక్కి నడిచాను,
లెక్క సరిచూసుకుందామని.

పుస్తకంలో ఇరవై తొమ్మిది బళ్లు.
పెరట్లో నలభై మూడు.

మళ్లీ లెక్కపెట్టాను.
ఉప్పుగాలి తినగా చట్రం మిగిలితే చాలు,
బండి కిందే జమ వేశాను.
నలభై మూడే.
పద్నాలుగింటికి ఎఫ్ఐఆర్ లేదు, పంచనామా లేదు,
యజమాని వేలిముద్ర లేదు.
అనుమానం మీద, అనేవాళ్లం.
అనుమానానికి సెక్షను నంబరు ఉండదు,
గడువూ ఉండదు.

ఈ టీవీఎస్ మీద ఎండునెత్తళ్లు తిరిగేవి
బారువ నుంచి మందస దాకా.
ఒడిశా సారా మోసిందన్నాం.
ఒక్కసారి వాసన చూసినవాడెవడూ ఆ మాట అనడు.
సీటు చిరుగులోంచి ఇప్పుడు ఉత్తరేణి మొలిచింది.

ఆ కుట్టుమిషను దొంగసొత్తు.
దొంగ దొరకలేదు, సొత్తు మాత్రం దొరికింది.
మూడేళ్లు ఒక ఎస్సైగారింట్లో
పరదాలు కుట్టి తిరిగొచ్చింది.

నల్లబెల్లం పదకొండు బస్తాలు:
తిత్లీ నాడు రేకులు లేచిపోతే
వానకి కరిగి, గుమ్మం దాటి,
కాలువలో పడి వెళ్లిపోయింది.
బెయిలు లేకుండా ఇక్కణ్నుంచి
బయటపడ్డది అదొక్కటే.

సూరాడ తవిటమ్మ కవరు మాత్రం
ఇంకా బీరువాలోనే ఉంది.

ఎన్నికల కోడు రోజులు. చెక్‌పోస్టు దగ్గర
ఆటో ఆపి కొంగు ముడి విప్పించాం.
నలభై ఎనిమిది వేల ఐదొందలు.
పడవ ఇంజనుకని చీటీ పాడి తెచ్చుకుంటోంది.
కాగితం చూపించు, అన్నాను,
సముద్రం మీదికి పోయేవాళ్లు
బిల్లుబుక్కు పట్టుకు తిరుగుతారన్నట్టు.
"డబ్బులు ఉంచుకోండి బాబూ,
ఒట్టుకున్నట్టు సీటీ ముక్కొకటి రాసియ్యండి.
సముద్దరమే నయం. వల ఒట్టుకుపోనా
రెండ్రోజులకి ఏదో ఒడ్డున పడేస్తాది.
మీరు ఏ ఒడ్డునా పడెయ్యరు."
పక్కనున్నాయన నవ్వాడు. నేనూ నవ్వాను.
చేతిలో పెన్ను ఉంది.
జేబులో ఇంకొకటి ఉంది.

రెండేళ్లకి పాత నోట్లు రద్దయ్యాయి.
నంబర్లు రాసిపెట్టి ఉంటే మారతాయన్నారు.
ఎవరు రాయాలి?
స్టేషను రైటర్ని నేనే.
తొంభై ఏడు ఐదొందల కాగితాలు
కవరులోనే పోయాయి,
శవపంచనామాకైనా నోచుకోకుండా.

కొత్త చట్టమేదో తెమ్మని నేననను.
పట్టుకుంటే మేజిస్ట్రేటుకి చెప్పమనే ఉంది,
ఇద్దరి ముందు రాయమనే ఉంది.
రాయనివాడికి ఏమవుతుందో
ఇన్నేళ్లలో నేను చూళ్లేదు.
ఆ ఒక్క గీత గీయండి అయ్యా.
ఇన్ని రోజుల్లో రాయకపోతే
తాళం దానంతటదే ఊడిపోవాలి,
బండి తన ఇంటికి తాను పోవాలి,
పెట్రోలు ఖర్చు పెట్టుకుని
దాని వెనకాల మేం పోవాలి.

తెల్లవారుజాము మూడయింది.
కార్బను కాగితం పెట్టి
పద్నాలుగు రసీదులు రాశాను.
తేదీ దగ్గర అబద్ధం ఆడలేదు, ఇవాళ్టిదే వేశాను.
'ఆలస్యానికి కారణం' అన్న గడిలో
నా పేరు రాశాను.

పదిహేనోది తవిటమ్మది.
తొలి బస్సుకి బయల్దేరాను, యూనిఫారం లేకుండా.
ఆ ఇంట్లో ఎవరున్నారో,
తేని ఇంజనుకి ఎన్నేళ్లు చీటీ కట్టారో తెలీదు.
దిగేసరికి గాలి సముద్రం వైపు నుంచి
తడితడిగా కొడుతోంది.
జేబులో కాగితం మెత్తబడుతోంది.
చెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తున్నాను.