"దేవుడా" అనే ఫోల్డరు

గుంటూరు మిర్చి యార్డులో సర్వరు గది
ఆరో నంబరు కాటా పక్కన ఉంటుంది.
లోపలికొచ్చిన ప్రతివాడూ ముందు తుమ్ముతాడు,
తర్వాతే పేరు చెబుతాడు.

మార్చి నెల. తెల్లవారుజాము నాలుగింటికి ఫోను:
"మేడమ్, గేటు పాసులు రావట్లేదు,
లారీలు చుట్టుగుంట దాకా ఆగిపోయినయ్."
జడ వేసుకోకుండానే స్కూటీ ఎక్కాను.

నెట్టు పోయింది.
పోయిన నెట్టుని నెట్టులోనే వెతకాలి,
నూతిలో పడ్డ తాడుని
అదే తాడుతో తోడినట్టు.

ఆఫీసు చందా కట్టిన డిజిటల్ గ్రంథాలయం ఉంది.
ఆరు వందల పుస్తకాలు, పాస్‌వర్డు నాకు నోటికొచ్చు.
అదిప్పుడు తెల్లటి తెర మీద
చక్రం తిప్పుకుంటూ కూచుంది.
ఫోనులో సిగ్నలుందిగా అంటారేమో,
పైన రేకులు, చుట్టూ టిక్కీల గోడ,
ఒక గీత వస్తే రెండు పోతాయి.

అప్పుడు తీశాను సిలార్ గారి డిస్కు.

రిటైరైన రోజున ఆయన
శాలువా మడత విప్పకుండా కుర్చీలో వదిలేసి
రబ్బరు బ్యాండు చుట్టిన ఈ నల్ల డబ్బా
నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశారు.
"పద్దెనిమిదేళ్ళ పోగు తల్లీ.
జీతంలో కొన్నవి కొన్ని, కంపెనీలు ఉత్తినే ఇచ్చినవి కొన్ని.
ఇది కరెంటు అడుగుద్ది గానీ నెట్టు అడగదు."

లోపల ఫోల్డర్లకి ఆయన పెట్టిన పేర్లు:
ఇప్పుడే కావాలి.
తీరిగ్గా.
ఎవరూ చదవరు, నేను చదివా.
దేవుడా.

కొత్తలో ఒకసారి చిలిపికి
వెతుకు గడిలో "కారం" అని కొట్టాను.
పదకొండు వేల పేజీల్లో ఒక్కచోటా లేదు.
పరికరాలను దుమ్ములేని చల్లని చోట ఉంచవలెనని మాత్రం
మూడు పుస్తకాలు మూడు మర్యాదల్లో చెప్పాయి.
చదువుతూ తుమ్మాను.

ఇవాళ నవ్వు లేదు.
స్విచ్చుల దీపాలన్నీ ఒక్కసారిగా
కోటప్పకొండ ప్రభల్లా ఊగిపోతున్నాయి.
"దేవుడా" తెరిచాను. నాలుగు వందల పన్నెండో పేజీ.
పసుపు గీత కింద ఇంగ్లీషు చల్లగా నడుస్తోంది:
ఒకే మాట రెండు దారుల్లో బయల్దేరి
తనకే ఎదురొచ్చి, కొత్త మాటనుకుని
మళ్ళీ చెప్పి, మళ్ళీ విని.
దీన్ని వాళ్ళు తుఫాను అన్నారు.
బాపట్ల దాన్ని, నాకా తుఫాను చెప్పేది?
అయినా నిజమే,
ఉన్నచోటే గిర్రున తిరిగి బలిసేదే కదా అదీ.

పేజీ పక్కన సిలార్ గారి మాట, చిన్న అక్షరాల్లో:
"దీపాలన్నీ కలిసి కొట్టుకుంటే
పుస్తకం మూసి, వంగి చూడు."

వంగాను.
బల్ల కింద నీలం వైరు,
రెండు కొసలూ ఒకే పెట్టెలో.
తన చేతులు తనే పట్టుకుని
ఒప్పులకుప్ప తిరుగుతోంది.

లాగాను.
గదిలో ఒక్క నిమిషం ఫ్యాను చప్పుడే.
తర్వాత గేటు దగ్గర ప్రింటరు గీరుకుంది,
హమాలీలు ఏదో అరిచారు, తిట్టే అయ్యుంటుంది.

రాత్రి గది ఊడ్చింది శేషారత్నం.
"కొస ఊడి నేల మీద పడుంది మేడమ్,
పాపం అనిపించి, ఖాళీ కన్నం చూసి పెట్టా."
కోప్పడదామని నోరు తెరిచాను, తుమ్మొచ్చింది.
ఇద్దరం ఆ పేజీ ముందు కూచున్నాం.
బొమ్మలో ఉంది అదే వైరు, అదే పెట్టె.
"ఇంత పెద్ద పుస్తకంలో నేను చేసిందుందా!"
ఉంది. పేరొక్కటే లేదు.

"మరి ఖాళీ కన్నం కనపడితే
ఎవరికైనా పెట్టాలనిపిస్తది గదా.
మూతలు కొట్టించండి."
నేను పేజీ తిప్పాను.
నాలుగు వందల పదమూడు, మొదటి పేరా, అదే మాట.
ఏడాదిగా ఈ డిస్కు నా దగ్గరుంది,
ఆ పేజీ తిప్పలేదు.

సిలార్ గారి మాట కింద
తెలుగులో టైపు చేశాను, ఎర్రటి దుమ్ము పట్టిన మీటల మీద:
"ఖాళీ కన్నాలకు మూత పెట్టాలి. శేషారత్నం, కాటా ఆరు."
ఇకమీదట "మూత" అని వెతికితే
ఒక్క ఫలితం వస్తుంది.